ఆడకుండానే మూడు పాయింట్లు: తొలి రౌండ్ బై ఎంతవరకు న్యాయం?

కార్డ్ గేమ్ టోర్నీల్లో గొడవలు ఎక్కువగా కార్డుల మీదే జరుగుతాయి. ఏ కార్డును నిషేధించాలి, ఏ డెక్ (ఆటగాడు తెచ్చుకునే కార్డుల కట్ట) మరీ మితిమీరిపోయింది, జడ్జి ఇచ్చిన తీర్పు సరైందేనా అన్నవి. ఒక్క గొడవ మాత్రం ఎవరూ ఒక్క కార్డు కూడా తీయకముందే మొదలవుతుంది. తొలి రౌండులో ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పెయిరింగ్‌ల జాబితా బయటికి రాగానే కొన్ని పేర్ల ఎదురుగా ప్రత్యర్థి పేరు ఉండదు, టేబుల్ నంబర్ ఉండదు. ‘బై’ అని మాత్రమే ఉంటుంది. మిగతావాళ్లు 50 నిమిషాలు తల బద్దలు కొట్టుకుని సంపాదించుకోవాల్సిన 3 పాయింట్లు వాళ్ల ఖాతాలో అప్పటికే పడిపోయి ఉంటాయి. మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డ్ గేమ్ టోర్నమెంట్ నియమాల్లో అయితే బై వచ్చినవాళ్లు ఆ మ్యాచ్‌ను 2–0తో, అంటే రెండు గేమ్‌లకు రెండూ గెలిచినట్టే లెక్క.

ఇది న్యాయమా అన్న ప్రశ్నకు జవాబు ఆ బై ఎలా వచ్చిందన్న దాన్ని బట్టి మారుతుంది. బైలు రెండు రకాలు. ఆటగాళ్ల సంఖ్య బేసి అయినప్పుడు ఎవరో ఒకరికి జోడీ దొరకదు కాబట్టి తప్పనిసరై ఇచ్చేది ఒకటి. పాత ఫలితాలకు బహుమతిగా నిర్వాహకులు ముందే రాసిచ్చేది రెండోది. మొదటిది లెక్క కుదరక వచ్చేది, రెండోది కావాలని ఇచ్చేది. వాదనల్లో ఈ రెండూ కలగాపులగం అయిపోతుంటాయి. జనం ఎక్కువగా తిట్టిపోసేది రెండోదాన్ని. చిన్న టోర్నీల్లో మాత్రం అసలు నష్టం మొదటిదే చేస్తుంది, అదీ ఎవరి కంటా పెద్దగా పడకుండా.

బేసి సంఖ్య తెచ్చే చిక్కు

ఈ టోర్నీలన్నీ దాదాపుగా స్విస్ పద్ధతిలోనే నడుస్తాయి. 1895లో జ్యూరిచ్‌లో జరిగిన ఒక చదరంగం పోటీలో మొదట వాడిన పద్ధతి ఇది. ఓడినంత మాత్రాన ఎవరూ ఇంటికి పోరు. ప్రతి రౌండులోనూ ఒకే పాయింట్లున్న వాళ్లను ఒకరితో ఒకరికి కలుపుతారు. గెలిచేవాళ్లు గెలిచేవాళ్లతో, ఓడేవాళ్లు ఓడేవాళ్లతో ఆడుకుంటూ పోతే కొన్ని రౌండ్లకు ఎవరి స్థానం ఏమిటో తేలిపోతుంది. గెలుపుకు 3, డ్రాకు 1, ఓటమికి సున్నా.

సంఖ్య బేసి అయితే ప్రతి రౌండులో ఒకరు మిగిలిపోతారు. రెండో రౌండు నుంచి దీనికి మంచి పరిష్కారమే ఉంది. అప్పటికి అట్టడుగున ఉన్నవాళ్లకు, ఇంతకుముందు బై రాని వాళ్లను చూసి, ఇస్తారు. నాలుగో రౌండులో, మూడుకు మూడూ ఓడి 0–3తో ఉన్న ఆటగాడికి 3 పాయింట్లు వచ్చినా టైటిల్ రేసులో ఎవరికీ వీసమెత్తు తేడా రాదు. తొలి రౌండుకే ఈ సౌకర్యం లేదు. అప్పుడు అందరికీ సున్నా పాయింట్లే, అట్టడుగు అనేదే లేదు. కంప్యూటర్ ఎవరో ఒకరి పేరు తీస్తుంది. టోర్నీ మొత్తంలో బేసి సంఖ్య బై టైటిల్ గెలవగల ఆటగాడి ఒడిలో పడే అవకాశం బాగా ఉన్నది ఈ ఒక్క రౌండులోనే.

తొమ్మిది మంది, నాలుగు రౌండ్ల చిన్న టోర్నీనే తీసుకుందాం. డ్రాలు లేవనుకుంటే తొలి రౌండు అయ్యేసరికి నలుగురు గెలిచి, నలుగురు ఓడి, ఒకరు ఊరికే కూర్చుని ఉంటారు. 3 పాయింట్లతో ఉన్నది మొత్తం ఐదుగురు. ఐదు మళ్లీ బేసి. అందులో నలుగురు వాళ్లలో వాళ్లు ఆడితే, మిగిలిన ఐదోవాడు కింది వరుసలో ఒకరితో ఆడాలి. ఆ ఐదోవాడు తొలి రౌండులో బై వచ్చినవాడే అయ్యే అవకాశం ఐదింట ఒకటి. అంటే మొదటి గెలుపు ఊరికే వచ్చి, రెండో రౌండులో అప్పటికే ఒకటి ఓడిన ప్రత్యర్థి దొరికే వీలుంది. అదృష్టం ఒక్కోసారి వస్తే వరసబెట్టి వస్తుంది మరి.

అన్ని మ్యాచ్‌లూ సగం సగం అవకాశం ఉన్నవే అనుకుంటే నాలుగుకు నాలుగూ గెలవడానికి మామూలు ఆటగాడికి ఉన్న అవకాశం 16లో 1. బై వచ్చినవాడికి 8లో 1. ఒక్క చీటీతో అవకాశం రెట్టింపు అయింది. పైగా దీని వెనక ఎవరి ప్రతిభా లేదు, పాత కష్టమూ లేదు. అయినా దీని మీద ఎవరూ గొంతు పెంచరు. ‘లక్కు’ అనేసి ఊరుకుంటారు. కళ్ల ముందు కంప్యూటర్ తీసింది కాబట్టి అందులో పక్షపాతం లేదు, నిజమే. కానీ పక్షపాతం లేకపోవడం వేరు, ఫలితం న్యాయంగా ఉండటం వేరు.

ఇంకో సంగతీ ఉంది. ఈ బై కొత్తగా ఆట మొదలుపెట్టిన వాళ్లకు తగిలితే అది బహుమతిలా ఉండదు, శిక్షలా ఉంటుంది. రుసుము కట్టి, డెక్ స్లీవుల్లో సర్దుకుని, నాలుగు ఆటలు ఆడదామని వచ్చినవాళ్లను తొలి గంట ఖాళీగా కూర్చోబెడితే వాళ్లకు ఆ 3 పాయింట్లతో ఏం పని? ఒకే బై ఒకరికి వరం, ఇంకొకరికి విసుగు.

బహుమతిగా ఇచ్చే బై: లెక్క ఏం చెబుతోంది

పెద్ద టోర్నీల్లో కథ వేరు. అక్కడ బేసి సంఖ్య బై వందల, వేల మందిలో ఒకరికి వెళ్తుంది. అసలు వాదన ముందే ఇచ్చిన బైల మీద. 1997లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన మ్యాజిక్ గ్రాండ్ ప్రీ పోటీలు ఇందుకు చక్కటి ఉదాహరణ. ఎవరైనా పేరు ఇచ్చి ఆడగలిగిన పోటీలు అవి. అయితే రేటింగు ఎక్కువ ఉన్నవాళ్లకు, ప్రొఫెషనల్ ఆటగాళ్లకు, ట్రయల్ అనే చిన్న అర్హత టోర్నీలు గెలిచిన వాళ్లకు ఒకటి నుంచి మూడు దాకా బైలు ఇచ్చేవారు. మూడు బైలున్న ఆటగాడు ఒక్క కార్డు తీయకుండానే 3–0తో నాలుగో రౌండులోకి అడుగుపెట్టేవాడు.

మూడు గెలుపుల విలువ ఎంతో ఊహించి చెప్పడం కంటే లెక్క వేయడం మేలు. గ్రాండ్ ప్రీల్లో చాలాకాలం మొదటి రోజు తొమ్మిది రౌండ్లు ఉండేవి. రెండో రోజుకు వెళ్లాలంటే 7–2 కావాలి. సరిగ్గా సగటు ఆటగాడిని, అంటే ప్రతి మ్యాచ్‌లోనూ 50 శాతం గెలుపు అవకాశం ఉన్నవాడిని తీసుకుందాం. బై లేకపోతే తొమ్మిదింట ఏడు గెలిచే అవకాశం దాదాపు 9 శాతం. ఒక బై ఉంటే 14 శాతం దాటుతుంది. రెండు ఉంటే 23 శాతానికి దగ్గరవుతుంది. మూడు బైలుంటే 34 శాతం. ఆట అదే, డెక్ అదే, మనిషీ అదే. రెండో రోజు చూసే అవకాశం మాత్రం దాదాపు నాలుగింతలు.

ఇదే లెక్కను 60 శాతం ఆటగాడికి కట్టి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. ఈ ఆటల్లో 60 శాతం అంటే చిన్న సంగతి కాదు. చేతికి వచ్చే కార్డుల అదృష్టం ప్రతి ఆటలోనూ తల దూరుస్తుంది కాబట్టి పెద్ద టోర్నీల్లో మేటి ఆటగాళ్ల గెలుపు శాతం కూడా 60, 65 దగ్గరే తచ్చాడుతుంది. అంతటి ఆటగాడికి బై లేకపోతే 7–2 అందుకునే అవకాశం 23 శాతం. రెండు బైలున్న సగటు ఆటగాడికీ ఇంచుమించు అంతే అని పైన చూశాం. ఏళ్ల తరబడి సాధన చేసి సగటు కంటే పది శాతం పైకి ఎదిగినవాడు, ఒక చిన్న ట్రయల్‌లో ఒక్కరోజు కలిసొచ్చి రెండు బైలు పట్టుకొచ్చిన మామూలు ఆటగాడు ఒకే గీత మీద నిలబడ్డారన్నమాట. బైలను సమర్థించేవాళ్లు ముందు జవాబు చెప్పాల్సింది ఈ లెక్కకే.

మూడు బైలు ఉంటే 60 శాతం ఆటగాడి అవకాశం 54 శాతానికి చేరుతుంది. అంటే 23 నుంచి రెండింతలకు కాస్త ఎక్కువ. సగటు ఆటగాడికి నాలుగింతలకు దగ్గర. దీని వెనక కారణం తేలికే. తొలి రౌండులో ఎవరు ఎదురైనా 75 శాతం గెలిచే ఆటగాడికి బై ఇస్తే అతనికి కొత్తగా వచ్చింది పావు గెలుపు మాత్రమే, మిగతా ముప్పావు ఎలాగూ అతను సంపాదించుకునేదే. 50 శాతం ఆటగాడికి ఇస్తే అర గెలుపు ఉచితంగా వచ్చినట్టు. గెలుపుల లెక్కలో చూస్తే బై ఎవరికి ఇవ్వడం సబబని అందరూ అనుకుంటారో వాళ్లకే దాని విలువ తక్కువ. ఆటలో అందరికంటే గట్టివాళ్లకు గౌరవంగా పెట్టిన ఏర్పాటు, ఆ గుంపులోకి ఎలాగో దూరిన మామూలు ఆటగాడికే ఎక్కువ లాభం చేస్తుంది.

ఈ లెక్కల్లో ఒక సరళీకరణ ఉందని ఒప్పుకోవాలి. అన్ని రౌండ్లలోనూ గెలుపు అవకాశం ఒకటే అనుకున్నాం. నిజానికి 3–0తో మొదలైనవాడికి 3–0 ఉన్న ప్రత్యర్థులే దొరుకుతారు, వాళ్లు సగటు కంటే గట్టివాళ్లు. కాబట్టి సగటు ఆటగాడి 34 శాతం నిజంలో కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది మిగతావాళ్లలో ఎంతమందికి బైలున్నాయన్న దాని మీద ఆధారపడుతుంది, దానికి అన్ని టోర్నీలకూ సరిపోయే ఒకే అంకె లేదు.

దీన్నే ఎదుటి పక్షం నుంచి చూద్దాం. వెయ్యి మంది టోర్నీలో వంద మందికి మూడేసి బైలు ఉన్నాయనుకుందాం. మిగతా 900 మందిలో మూడు రౌండ్లూ గెలిచి 3–0తో నిలిచేది ఎనిమిదింట ఒక వంతు, అంటే 112 మంది దాకా. నాలుగో రౌండులో 3–0 గుంపులో 212 మంది ఉంటే అందులో సగానికి కాస్త తక్కువ మంది ఇంకా బోణీ కూడా చేయనివాళ్లే. మూడు గంటలు చెమటోడ్చి గెలిచినవాడికి నాలుగో రౌండులో, అప్పుడే తాజాగా వచ్చి కూర్చున్న బలమైన ఆటగాడు ఎదురయ్యే అవకాశం దాదాపు సగం. వీళ్లిద్దరి పక్కనా రాసి ఉండేది ఒకటే అంకె, 9 పాయింట్లు.

టైబ్రేకర్ దగ్గర అసలు మెలిక

పాయింట్ల లాభం అందరికీ కనిపిస్తుంది. టైబ్రేకర్ లాభం చాలామంది గమనించరు. టాప్ 8లో చివరి స్థానం కోసం ఒకే పాయింట్లతో ముగ్గురు, నలుగురు నిలబడటం ఈ టోర్నీల్లో మామూలే. అప్పుడు మొదట చూసేది ప్రత్యర్థుల మ్యాచ్ గెలుపు శాతం. ఎవరితో ఆడారో వాళ్లు ఎంత బాగా ఆడారన్న సగటు అది. మ్యాజిక్‌లో ఒక్కో ప్రత్యర్థి శాతాన్ని 33 కంటే కిందికి పోనివ్వరు, పోకెమాన్ కార్డ్ గేమ్‌లో ఆ కనీస హద్దు 25. మ్యాజిక్ నియమాల్లో బై వచ్చిన రౌండును ఈ సగటులోంచి పూర్తిగా తీసేస్తారు.

తీసేయడం న్యాయంగానే కనిపిస్తుంది, ప్రత్యర్థే లేనప్పుడు ఎవరి శాతం కలుపుతారు? కానీ స్విస్‌లో తొలి రౌండు ప్రత్యర్థి ప్రత్యేకం. ఆ రౌండులో గెలిచినవాడికి ఎదురైనవాడు యాదృచ్ఛికంగా వచ్చినవాడు, పైగా అప్పటికే ఒకటి ఓడినవాడు. చివరికి అతని శాతం సగానికి కాస్త కిందే ఉండే అవకాశం ఎక్కువ. పై రౌండ్లలో ఎదురయ్యేవాళ్లు అలా కాదు, గెలుస్తూ వచ్చినవాళ్లు. కాబట్టి గెలుస్తూ పోయే ఆటగాడి సగటును కిందికి లాగేది తొలి రౌండే. బై ఉన్నవాడికి ఆ బరువు ఉండదు.

ఎనిమిది రౌండ్ల టోర్నీలో ముగ్గురు ఒకే పాయింట్లతో ముగించారనుకుందాం. రెండో రౌండు నుంచి ఆడిన ఏడుగురు ప్రత్యర్థుల సగటు ముగ్గురికీ 58 శాతమే. మొదటివాడికి తొలి రౌండులో బై వచ్చింది కాబట్టి అతని అంకె 58 గానే ఉంటుంది. రెండోవాడు తొలి రౌండు ఆడి గెలిచాడు, అతని చేతిలో ఓడినవాడు చివరికి 3–5తో ముగించాడు. ఆ 37.5 కలిసి అతని సగటు 55.4కు పడిపోతుంది. ఇలాంటి చోట స్థానాలు తేలేది తరచూ అర శాతంలో, పావు శాతంలో. రెండున్నర శాతం తేడా అంటే రెండోవాడికి దారి మూసుకుపోయినట్టే. కష్టపడి గెలిచిన మ్యాచే అతనికి ఎదురు తిరిగింది.

మూడోవాడి పరిస్థితి మరీ విడ్డూరం. అతని ప్రత్యర్థి తొలి రౌండుకు రానేలేదు. మ్యాజిక్ నియమాల్లో రౌండు మొదలయ్యేసరికి సీట్లో లేకపోతే ఒక గేమ్ పోతుంది, పది నిమిషాలు దాటితే మ్యాచే పోతుంది. ఇతనికి గెలుపు ఇచ్చారు. ఆడకుండా గెలవడంలో ఇతనికీ బై వచ్చినవాడికీ తేడా ఏమీ లేదు. కానీ కాగితం మీద అది బై కాదు, ఒక ప్రత్యర్థి మీద గెలుపు. రాకుండా పోయిన ఆ ప్రత్యర్థి శాతం సున్నా, దాన్ని కనీస హద్దుకు లేపితే 33. సగటు 54.9. ఒకే రౌండులో ఇద్దరూ ఖాళీగా కూర్చున్నారు, ఒకరికి పెయిరింగ్ జాబితాలో బై అని ఉంది, ఇంకొకరికి ఒక పేరు ఉంది. ఆ పేరు ఉన్నందుకు మూడు శాతం కోత పడింది. బైల మీద జరిగే చర్చల్లో ఇది పెద్దగా వినపడదు కానీ, నియమం దిద్దాల్సిన చోటు ఏదైనా ఉంటే ముందు ఇక్కడే. రాని ప్రత్యర్థిని బైతో సమానంగా చూడటానికి అడ్డు ఏముందో అర్థం కాదు.

చదరంగం వాళ్లు ఈ చిక్కుతో ఎప్పటినుంచో కుస్తీ పడుతున్నారు. ఆడని రౌండుకు ఒక ఊహాజనిత ప్రత్యర్థి ఉన్నట్టు లెక్క వేసే పద్ధతులు అక్కడ వచ్చాయి. అవి కాస్త గజిబిజిగానే ఉంటాయి, కానీ ఆడకపోవడం వల్ల ఎవరి టైబ్రేకరూ ఉన్నట్టుండి బాగుపడకూడదన్న ఆలోచన మాత్రం సరైంది.

అంకెల్లో కనిపించనివి

బై వల్ల వచ్చే లాభంలో కొంత స్కోర్ షీటుకు ఎక్కదు. తొలి రౌండు జరుగుతున్నంత సేపూ బై ఉన్న ఆటగాడు హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఎవరు ఏ డెక్ ఆడుతున్నారో చూడొచ్చు. పై టేబుళ్లకు ఎవరు వస్తారో ముందే అంచనా ఉన్నవాళ్లకు ఇది చిన్న లాభం కాదు. మొదటి గేమ్‌లో ఎదుటివాడి దగ్గర ఏ డెక్ ఉందో తెలిసి చేతిలో కార్డులు అట్టిపెట్టుకోవడానికీ, తెలియక అట్టిపెట్టుకోవడానికీ చాలా తేడా ఉంటుంది. డెక్ జాబితాలను అందరికీ ముందే చూపించే టోర్నీల్లో ఈ తేడా చాలావరకు పోతుంది.

ఇక అలసట. రోజుకు తొమ్మిది రౌండ్లంటే ఉదయం నుంచి రాత్రి దాకా. చివరి రౌండ్లలో తప్పులు ఎక్కువ జరిగేది తెలివి తక్కువై కాదు, ఒంట్లో ఓపిక లేక. మూడు రౌండ్లు ఆదా అయినవాడు ఆ సమయానికి ఇంకా తేరుకుని ఉంటాడు. గ్రాండ్ ప్రీల్లో అయితే బైలున్నవాళ్లు అదనంగా డబ్బు కట్టి ఉదయం పెందలాడే రావాల్సిన పని లేకుండా చేసుకునే సౌకర్యం కూడా ఉండేది. నిద్ర కూడా బైలో భాగమైపోయింది.

నష్టం అస్సలు లేదనీ కాదు. చేయి తిరగకుండానే నేరుగా గట్టివాళ్ల మధ్యలో పడటం కొందరికి టెన్షన్. కొత్త డెక్ తెచ్చినవాడు తొలి రౌండులో తేలికపాటి ప్రత్యర్థి మీద దాన్ని సరిచూసుకునే వీలు పోగొట్టుకుంటాడు. కానీ ఆ నష్టాన్ని 3 పాయింట్లతో పోల్చి చూసి ‘నాకు బై వద్దు’ అనే పోటీ ఆటగాడు దొరకడం కష్టం. మార్కెట్ ధర అంటే అదే కదా.

ఎవరికి ఇస్తున్నాం

బై ఇవ్వడం సరే, ఏ కొలతతో ఇవ్వాలన్నది ఇంకో తలనొప్పి. మ్యాజిక్ ఈ దారిలో రెండు వైపులా దెబ్బతింది. 2011 దాకా ఎలో రేటింగు వాడేవారు. రేటింగు అంటే గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. బైలు, ఆహ్వానాలు దానికి ముడిపెట్టడంతో రేటింగు బాగున్నవాళ్లు ఆడటం మానేసి దాన్ని కాపాడుకుంటూ కూర్చునేవారు. ఆటను ప్రోత్సహించడానికి పెట్టిన బహుమతి ఆట మాన్పించింది. ఆ ఏడాది దాని స్థానంలో ప్లేన్స్‌వాకర్ పాయింట్లు తెచ్చారు. వీటిలో ఓడినా పోయేదేమీ లేదు, ఆడినకొద్దీ పెరుగుతాయి. దాంతో బొమ్మ తిరగబడింది. ఎక్కువ టోర్నీలకు వెళ్లగలిగే తీరిక, డబ్బు ఉన్నవాళ్లకు పాయింట్లు కుప్పలుగా పడ్డాయి. అరుదుగా ఆడినా బాగా ఆడేవాడు వెనకబడ్డాడు.

ట్రయల్ టోర్నీల ద్వారా వచ్చే బై ఈ రెండిటికంటే మేలనిపిస్తుంది. అది అందరికీ తెరిచి ఉన్న పోటీ, గెలుపుకు నేరుగా దక్కిన ఫలితం. అయితే ముప్ఫై మంది ఉన్న ట్రయల్ గెలవడానికీ, నూట ఇరవై మంది ఉన్న ట్రయల్ గెలవడానికీ ఒకే బహుమతి ఇస్తే మళ్లీ అన్యాయం మొదలవుతుంది. ట్రయల్స్ ఎక్కువగా జరిగే చోట ఉన్నవాళ్లకు అవకాశాలు ఎక్కువ, దూరంగా ఉన్నవాళ్లకు తక్కువ. ఏ కొలత తీసుకున్నా ఏదో ఒక మూల చిల్లు పడుతుంది. కొలతలోనే ఇంత గందరగోళం ఉన్నప్పుడు దాని మీద మూడు రౌండ్ల లాభం పెట్టడం ఎక్కువే. ఒక్క బై పెడితే కొలత తప్పినా నష్టం తట్టుకోగలిగినంతే ఉంటుంది.

సమర్థించేవాళ్ల మాటలోనూ పస ఉంది. పెద్ద టోర్నీ తొలి రౌండ్లు లాటరీలాంటివి. 2015లో లాస్ వేగాస్ గ్రాండ్ ప్రీకి 7,500 మందికి పైగా వచ్చారు. అంత జనంలో సముద్రాలు దాటి వచ్చిన ఆటగాడు మొదటి రెండు రౌండ్లలో చెత్త చేతులు వచ్చి ఓడిపోతే వాళ్లు ఇంకోసారి రారు. పేరున్నవాళ్లు రాకపోతే చూసేవాళ్లూ తగ్గుతారు. ఇది నిర్వాహకుడి కోణం, వ్యాపారంగా చూస్తే సబబే. కాకపోతే దీన్ని న్యాయం పేరుతో అమ్మకూడదు. రాయితీ అని చెబితే సరిపోతుంది. బైలు కొత్తవాళ్లను ఛాంపియన్ల చేతిలో చావుదెబ్బ తినకుండా కాపాడతాయన్న ఇంకో వాదన మాత్రం అంతగా నిలబడదు. తొలి రౌండులో ఎదురుగా ఛాంపియన్ కూర్చుంటే ఎగిరి గంతేసే కొత్త ఆటగాళ్లే ఎక్కువ.

ఎవరి వాటా తగ్గుతోంది

బైని తప్పుబట్టే ముందు ఆ టోర్నీలో ముందుకు వెళ్లేది ఎలాగో చూడాలి. రెండో రోజుకు అర్హత 7–2 లాంటి రికార్డు మీద ఉంటే, ఒకరికి బై ఇవ్వడం వల్ల ఇంకొకరి చోటు నేరుగా పోదు. గీత దాటినవాళ్లందరూ వెళ్తారు, వంద మంది బదులు నూట ఇరవై మంది వెళ్తారంతే. అదే అర్హత ర్యాంకు మీద, అంటే మొదటి ఎనిమిది మందికే అని ఉంటే, బై వల్ల ఒకరు లోపలికి వచ్చినప్పుడల్లా ఇంకొకరు బయటికి పోతారు. వెయ్యి మందిలో వంద మందికి మూడేసి బైలంటే టోర్నీలో ఎవరూ ఓడకుండా పుట్టుకొచ్చిన గెలుపులు 300. పైకి వెళ్లే గీతను అవి కూడా పైకి నెడతాయి. బైలు ఇచ్చే టోర్నీలు తొలి దశలో రికార్డు గీత పెట్టడం అందుకే మంచిది. మొదటి దశలోనే ర్యాంకుతో కత్తిరించే చిన్న టోర్నీలో బహుమతి బై అసలు పనికిరాదు.

స్విస్ అయ్యాక జరిగే నాకౌట్‌లో పన్నెండు మంది మిగిలితే మొదటి నలుగురికి ఒక రౌండు బై ఇచ్చి బ్రాకెట్‌ను, అంటే నాకౌట్ పట్టికను, పదహారుకు సరిచేస్తారు. దీని మీద ఎవరికీ పేచీ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. ఆ నలుగురూ అదే టోర్నీలో, అదే జనంతో ఆడి పైకి వచ్చారు.

ఆ దారిలోనే ఆలోచిస్తే బహుమతి బైకి ప్రత్యామ్నాయం దొరుకుతుంది. పోకెమాన్ ప్రపంచ పోటీల్లో 2015 నుంచి ముందు వరుసలో ఉన్నవాళ్లు మొదటి రోజు ఆడకుండా నేరుగా రెండో రోజుకు వచ్చే పద్ధతి పెట్టారు. మొదటి రోజు గెలిచి వచ్చినవాళ్లూ, నేరుగా వచ్చినవాళ్లూ రెండో రోజు సున్నాతోనే మొదలుపెట్టేవారు. పాత ప్రతిభకు గౌరవం దక్కింది, మొదటి రోజు ఓడే ప్రమాదం తప్పింది. కానీ ఆడని గెలుపులు స్కోరులో కలవవు, టైబ్రేకర్లు చెడవు. అలసట, డెక్‌లు చూసుకునే వీలు మాత్రం అలాగే ఉండిపోతాయి. రెండు రోజుల టోర్నీ నడపగలిగిన వాళ్లకు మూడు బైల కంటే ఇదే మేలు.

మూడు పాయింట్లు ఎక్కువనిపిస్తే డ్రా విలువ ఇద్దామనే వాళ్లూ ఉన్నారు. చదరంగంలో అడిగి తీసుకునే అర పాయింటు బై ఉంది కదా అని. కార్డుల్లో అది బెడిసికొడుతుంది. ఒక పాయింటుతో ఉన్నవాళ్లు తర్వాతి రౌండులో డ్రా చేసుకున్నవాళ్లతో ఆడాలి, అక్కడ ఉండేదంతా గంటసేపు లాగే నిదానపు కంట్రోల్ డెక్‌లు. వేగంగా దూకే డెక్ తెచ్చినవాడికీ, నిదానపు డెక్ తెచ్చినవాడికీ ఆ బై విలువ ఒకటి కాదు.

చిన్న టోర్నీల బేసి సంఖ్యకు వైద్యం ఇంకా తేలిక. ఆటగాళ్ల సంఖ్య బేసి అయితే నిర్వాహకుల్లో ఒకరో, చేయి ఖాళీగా ఉన్న జడ్జియో ఒక డెక్ పట్టుకుని తొలి రౌండు ఆడితే చాలు. బహుమతులకు ఆ మనిషి పోటీలో లేనట్టు ముందే చెప్పాలి, రెండో రౌండు నుంచి తప్పుకుంటే బై మామూలుగా అట్టడుగుకు వెళ్తుంది. అలా ఆడినవాడే మధ్యలో తీర్పులు కూడా చెప్పాల్సి వస్తే మాత్రం కొత్త గొడవ మొదలవుతుంది, కాబట్టి ఒక్కడే జడ్జి ఉన్న చోట ఇది కుదరదు. అక్కడ చివరగా పేరు ఇచ్చినవాళ్లకు బై అని ముందే రాసి పెట్టడం మేలు. కొంతమంది దీన్ని ఆలస్యానికి బహుమానం అంటారు. వేళకు వచ్చేవాళ్లు కావాలని ఆఖరున పేరు ఇవ్వడం మొదలుపెడితే ఆ మాట నిజమే అవుతుంది, అప్పుడు మళ్లీ చీటీయే గతి.

పెయిరింగ్‌లు పడి, బై ఎవరికో తేలిపోయాక, మూడో నిమిషంలో ఒక ఆటగాడు పరుగెత్తుకుంటూ వస్తే ఏం చేయాలన్నది కూడా ముందే రాసి ఉండాలి. ఆ కొత్త మనిషిని బై ఉన్నవాడి ఎదురుగా కూర్చోబెట్టడమే తిన్నని దారి, జోడీ కుదిరింది కాబట్టి బై ఇవ్వాల్సిన కారణమే పోయింది. ఈలోగా బై వచ్చినవాడు 3 పాయింట్లు తన సొంతమైపోయాయని అనుకుని ఉంటాడు, కాదంటే గొడవకు దిగుతాడు. రౌండు మొదలై పది నిమిషాలు గడిచేదాకా బై ఖాయం కాదని టోర్నీ మొదట్లోనే మైకులో ఒక మాట చెబితే జడ్జికి ఆ తగాదా తప్పుతుంది.